కొండమేక నడుము

నారాయణఖేడ్,
3 ఫిబ్రవరి 1992

హైదరాబాద్ సనత్‌నగర్‌లోని గిలక్కాయ టాయ్స్ కంపెనీ పెద్దలకు, గుట్ట మీద మంచె ఎక్కి కూర్చున్న బండప్ప నమస్కారాలు.

మీరు తయారుచేసిన కొండమేక నడుము విరిగింది.

విషయం ఇంతే. కానీ ఇంత చిన్న విషయం రాసి కాగితమంతా ఖాళీగా పంపడం మర్యాద కాదు కనుక మిగతాది కూడా రాస్తున్నాను.

నేను ఇక్కడి బస్సు డిపోలో గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేసి, కిందటి దసరాకు దిగిపోయాను. నా చదువు బడిలో వచ్చింది కాదు. బస్సుల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. 'జ' అంటే జహీరాబాద్, 'బ' అంటే బీదర్, 'ఝ' అంటే ఝరాసంగం. 'ఙ' పేరుతో ఏ ఊరికీ బస్సు లేదు కనుక అది నాకు రాదు. ఈ ఉత్తరంలో తప్పులుంటే ఆర్టీసీ వారిని అడగండి.

మొన్న నుమాయిష్ చూద్దామని పట్నం వచ్చాను. ప్రెషర్ కుక్కర్ కొనుక్కురమ్మని మా ఇంటామె నీలమ్మ చెప్పి పంపింది. కుక్కర్ల దుకాణానికి పోయే దారిలో మీ దుకాణం పెట్టారు. అది మీ తప్పు. అక్కడ ఇటుక ముక్కలు కుప్పపోసి, రిమోట్ పట్టుకొని, మీ కొండమేక బండిని ఎక్కిస్తున్నారు. ఒక చక్రం ఇటుక మీదుంటే ఇంకొకటి గుంటలో ఉంది. అయినా ఒళ్లు వంచి, ఒక్కొక్క ఇటుకను తడిమి చూసుకొని, ఏ తొందరా లేకుండా పైకి పోయింది. డిపో గేటు దగ్గర నా వయసంతా గడిచింది. ఇంత నిదానమైన డ్రైవరును చూడలేదు. కుక్కర్ సంగతి అక్కడే మరిచిపోయాను.

ఇప్పుడు దాని కడుపు కింద, మోటారు తిరుగుడును చక్రాలకు అందించే కడ్డీ విరిగింది. మా డిపో మేస్త్రీలు దాన్ని షాఫ్ట్ అంటారు. నేను నడుము అంటాను. మోటారు గిర్రున తిరుగుతోంది, చక్రాలు మాత్రం నాకేమీ వినపడలేదన్నట్టు నిలబడుతున్నాయి. కొత్త నడుము పంపగలరు.

ఇట్లు,
మేక పక్కనే కూర్చున్న
బండప్ప

తా.క.: ఈ సంగతి మొదట కార్డు మీద రాశాను. పోస్ట్‌మన్ చదివాడు. సాయంత్రానికి పశువుల దవాఖాన కంపౌండర్ సూది పట్టుకొని గుట్ట ఎక్కాడు. మేకను చూశాక తనూ కాసేపు నడుపుతానన్నాడు. నడుము లేదని చెప్పి పంపించాను. అందుకే ఇది కవరులో వస్తోంది.

*

సనత్‌నగర్, హైదరాబాద్,
10 ఫిబ్రవరి 1992

శ్రీ బండి అప్పారావు గారికి, గిలక్కాయ టాయ్స్ ఫిర్యాదుల విభాగం వందనాలు.

మీ ఉత్తరం అందింది. మా ఆటవస్తువు వల్ల మీ అబ్బాయికి కలిగిన నిరుత్సాహానికి విచారిస్తున్నాము. కొత్త షాఫ్ట్ దీనితో పంపుతున్నాము. మా పరిశీలన కోసం అబ్బాయి పేరు, వయసు, అతడు బొమ్మతో ఆడేది గదిలోనా, వరండాలోనా, పూలతోటలోనా అన్న వివరాలు దయచేసి రాయగలరు. బొమ్మ మీద ఏమైనా బరువు పెడుతున్నాడేమో కూడా గమనించగలరు. కుక్కర్ విషయంలో మా కంపెనీ ఏ సహాయమూ చేయజాలదని తెలియజేయడానికి చింతిస్తున్నాము.

భవదీయుడు,
దేవానందం
ఫిర్యాదుల విభాగం

తా.క.: ఇది కంపెనీ తరఫున కాదు, నా తరఫున రాస్తున్నాను. ఆ షాఫ్ట్‌ను రూపొందించింది నేనే. దాన్ని ఇటుకల మీద నెలల తరబడి తిప్పి చూశాను. మా సేటుకు మొదటినుంచీ కొండమేక మీద నమ్మకం లేదు. దాన్ని ఆపేసి, డప్పు కొట్టే కోతిని చేద్దామంటున్నారు. ఉగాదికి నిర్ణయమట. కోతికి షాఫ్ట్ ఉండదు. అప్పుడు నేనూ ఉండను. కాబట్టి మీ అబ్బాయిని కొంచెం చూసి ఆడుకోమనండి.

*

నారాయణఖేడ్,
18 ఫిబ్రవరి 1992

ఫిర్యాదులు వినే ఓపికగల దేవానందం బాబుకు, బండప్ప క్షేమం తెలిపి రాయునది.

అబ్బాయి పేరు బండప్ప. వయసు అరవై దాటింది. ఆడే చోటు గుట్ట. పూలు లేవు.

నా పేరు బండి అప్పారావు కాదు. బండప్ప. బండ అంటే రాయి. మా గుట్ట చుట్టుపక్కల రాళ్లెన్ని ఉన్నాయో బండప్పలూ అంతమంది ఉన్నారు. నేను వాచ్‌మన్ బండప్పను.

మీ రెండో నడుము కూడా విరిగింది. ఎలా విరిగిందో చెప్పాలంటే మా ఇంటి గొడవ చెప్పాలి. మా ఇల్లు గుట్ట కింద. మా జొన్న చెలక గుట్ట మీద. మధ్యలో అంతా రాళ్లు. మంచె మీద కూర్చుంటే మా పెరడు, పెరట్లో తిరిగే నీలమ్మ, ఆమె కోపం అన్నీ కనిపిస్తాయి. నేను నుమాయిష్ నుంచి వచ్చిన రోజు ఆమె డబ్బా విప్పి చూసి, "కుక్కర్ తెమ్మంటె మేకను తెచ్చినవా? పాలిస్తదా గిది?" అంది.

"ఎక్కుతది" అన్నాను.

"అయితె నువ్వు గూడ ఎక్కు."

నాకు పౌరుషం వచ్చింది. గుట్ట ఎక్కి పిట్టల కాపలాకు కూర్చుంటాననీ, ఆమె పేరు పెట్టి పిలిస్తేనే దిగుతాననీ అన్నాను. పిలవదని తెలిసే అన్నాను. మా వైపు ఆడవాళ్లు మగని పేరు నోట పట్టరు. పెండ్లినాడు ఆడపడుచులు గడపలో అడ్డం నిలిచి పేరు చెప్పమంటే కూడా నీలమ్మ చెప్పలేదు. దేనికో చేయి చూపి, అందరినీ నవ్వించి, లోపలికి వచ్చేసింది. దేనికి చూపిందో నేను తల రుమాలు సర్దుకుంటూ చూడలేదు. అలాంటి మనిషిని పేరు పెట్టి పిలవమన్నాను. అన్న మరునాడే తప్పనిపించింది. కానీ మాట మాటే కదా. బజారుకు, పోస్టాఫీసుకు గుట్ట అవతలి దారిన పోయి వస్తున్నాను. గడప మాత్రం తొక్కలేదు.

ఆకలికి పౌరుషం లేదు. మొదటి రోజు పొద్దున మేకను పెరట్లోకి దించాను. అది పోయి నీలమ్మ కాళ్ల దగ్గర నిలబడింది. ఆమె పైకి చూడకుండా రొట్టెల మూట దాని వీపుకు కట్టింది. అది ఎక్కి వస్తుంటే చూడాలి, దేవానందం! ప్రతి రాయినీ పలకరించుకుంటూ వచ్చింది. బడిలో నాకు ఎవరూ కూర్చోవడం కూడా నేర్పలేదు గాని, ఆ రోజు లేచి నిలబడి దానికి ఎదురెళ్లాను.

బరువు ఏమిటంటారా? రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, ఇంత కారం. ఇదే బరువుతో చాలా రోజులు పిల్లిలా ఎక్కింది. ఒక్కో రోజు మాత్రం సగం దారిలో ఏనుగుబండ అనే రాతి మెట్టు దగ్గర మూలిగి, టక్కున నడుము విరిగి, పల్టీ కొడుతోంది. అవే రొట్టెలు, అదే దారి. ఎందుకో నాకు అంతుచిక్కలేదు.

ఇట్లు,
మాటకు కట్టుబడిన
బండప్ప

తా.క.: మేక పడుకున్న రోజుల్లో నీలమ్మ మూటను ఏనుగుబండ మీద పెట్టి అటు తిరిగి పోతుంది. నేను ఇటు తిరిగి తీసుకుంటాను. మా ఇద్దరి వీపులకూ మంచి పరిచయమైంది.

*

సనత్‌నగర్,
25 ఫిబ్రవరి 1992

గౌరవనీయులైన బండప్ప గారికి, మొదట పేరు తప్పు రాసినందుకు క్షమాపణలతో.

మీ ఉత్తరం మా విభాగంలో పైకి చదివాము. విభాగంలో నేనొక్కడినే అయినా, పక్క విభాగాలవారూ వచ్చి విన్నారు.

కార్ఖానా వెనుక రాళ్లు పేర్చి మీ గుట్టను తయారుచేశాను. ఏనుగుబండకు బదులు ఒక పాత బల్లను పడుకోబెట్టాను. క్యాంటీన్ నుంచి రెండు పుల్కాలు తెప్పించి, ఉల్లిగడ్డతో సహా కొండమేక మీద కట్టి పొద్దంతా ఎక్కించాను. షాఫ్ట్ చెక్కుచెదరలేదు. అందువల్ల లోపం షాఫ్ట్‌లో కాక రొట్టెలో ఉన్నదని మా విభాగం అభిప్రాయపడుతోంది. ఇంటావిడ గారితో రొట్టెలు కొంచెం పలచగా, బరువు తక్కువగా చేయమని చెప్పగలరు. మాటలు లేవు గనుక మేక ద్వారా చెప్పగలరు.

మరో షాఫ్ట్ పంపుతున్నాను. ఇది కొంచెం లావు.

మీ శ్రేయోభిలాషి,
దేవానందం

తా.క.: సేటు నమూనా కోతిని తెచ్చి నా బల్ల మీదే పెట్టారు. ఈ ఉత్తరం రాస్తుంటే అది డప్పు కొడుతోంది. అక్షరాలు వంకర పోయిన చోట అదే కారణం.

*

నారాయణఖేడ్,
4 మార్చి 1992

రొట్టెకు, పుల్కాకు తేడా తెలియని దేవానందానికి, బండప్ప వ్రాలు.

ఈసారి క్షేమం అడగడం లేదు.

నీలమ్మ రొట్టె బరువన్నారు. ఆమెతో నాకు మాటలు లేవు గాని, ఆమె రొట్టెతో తగవు లేదు. మీరు పుల్కా పెట్టి మా రొట్టె మీద తీర్పు చెప్పారు. రేపు బర్రెను చూసి మా ఎద్దు మీద కూడా చెబుతారు. ఆమె పిండిని వేడి నీళ్లతో పిసికి, అరచేత్తో తట్టుతుంటే రొట్టె తనంతట తానే తిరుగుతుంది. చేయి ఆపితే ఎటువైపు చూసినా గుండ్రమే. కాల్చి ఎత్తిపడితే దాని వెనక పొయ్యి మంట కనిపిస్తుంది. పొద్దున మంచె మీదికి ఆ తట్టుడు చప్పుడు వినిపించకపోతే నాకు తెల్లవారినట్టుండదు. కట్టుకున్నాయన కాబట్టి పొగుడుతున్నాడని అనుకోకండి. కట్టుకున్నాయన పొగడలేదనే ఆమె కోపంలో సగం.

మేక మీద చీటీ పంపాను. "హైదరాబాదోల్లు నీ రొట్టె బరువంటున్నరు, ఎండురొట్టెలు పంపు" అని రాశాను. నువ్వులు అద్దిన రొట్టెల కట్ట వచ్చింది. దాని మీద ఆమె చీటీ ఉంది. "తూచి సూసుకొమ్మను" అని. ఇన్ని రోజుల్లో ఆమె నాతో అన్న మొదటి మాట అది. అదీ మీకే అన్నది.

కట్టను పార్సిల్‌లో పంపుతున్నాను. తక్కెడలో పెట్టండి, తల దించుకోండి. మీ లావు నడుము కూడా నిన్న విరిగింది. అదే ఏనుగుబండ.

ఇట్లు,
రొట్టె తరఫు సాక్షి
బండప్ప

తా.క.: ఈసారి పల్టీ కొట్టిన మేక పక్కన ఒక నున్నటి రాయి పడి ఉంది. పిట్టలను కొట్టే వడిసెలకు పెద్దది, కూర్చోవడానికి చిన్నది. దేనికీ పనికిరాదని దూరంగా విసిరేశాను. గుట్ట మీద రాయి గురించి రాస్తున్నానంటే నాకు ఇక్కడ ఎంత పొద్దుపోవడం లేదో అర్థం చేసుకోండి.

*

సనత్‌నగర్,
14 మార్చి 1992

పూజ్యులు బండప్ప గారికి, తల దించుకొని దేవానందం రాయునది.

పార్సిల్ చేరింది. తక్కెడ తెప్పించేలోపు మా క్యాషియరు విరిగిన ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు. తర్వాత పచ్చడి ఎవరు తెచ్చారో తెలియదు. సేటు వచ్చేసరికి రెండు ముక్కలు మిగిలాయి. ఆయన వెళ్లేసరికి కాగితం మిగిలింది. నమూనా తూచలేకపోయినందుకు మా విభాగం సిగ్గుపడుతోంది. కానీ చేత్తో పట్టుకున్నవాళ్లంతా రొట్టె తేలిక అన్నారు. నాకు దొరికిన ముక్క మాటకొస్తే, అది నిజంగా గాలిలా ఉంది.

దానివల్ల నాకు కష్టం వచ్చిపడింది. రొట్టె నిర్దోషి అని తేలగానే సేటు నా వైపు తిరిగి, "ఇంత తేలిక రొట్టెకు విరిగేది కడ్డీ ఎట్లయితదయ్యా?" అన్నారు.

అందుకని ఇప్పటిదాకా వాడిన ప్లాస్టిక్ మానేసి, ఉక్కు కడ్డీతో కొత్త షాఫ్ట్ చేశాను. రెండు చివర్ల కీళ్లకు ఉక్కు పిన్నులు బిగించాను. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. ఎంత వంకర మెట్టు మీదైనా కీలు వంగుతుంది, కడ్డీ వంగదు. దీన్ని నా చేత్తో చేశాను గనుక పొగడకూడదు. అయినా చెబుతున్నాను, ఇది బాగుంది. మీ మేకకు కట్టి చూడండి. ఇది కూడా విరిగితే ఉగాదికి కోతి వస్తుంది. మీరు ఉత్తరం రాయనక్కరలేదు, డప్పు చప్పుడు నారాయణఖేడ్ దాకా వినిపిస్తుంది.

మీ మేకనే నమ్ముకున్న
దేవానందం

తా.క.: ఇంటావిడ గారికి నా క్షమాపణలు మేక మీద పంపగలరు. బరువుండవు.

*

నారాయణఖేడ్,
24 మార్చి 1992
(కార్డు)

దేవానందం బాబుకు,

మేక ఎక్కింది. నేను దిగాను.

మిగతాది నీలమ్మ తానే రాస్తానంటోంది. కలం ఆమె చేతిలో ఉంది. నేను పచ్చడి నూరుతున్నాను.

బండప్ప

తా.క.: పోస్ట్‌మన్‌కు మనవి, కంపౌండరును పంపవద్దు.

*

నారాయణఖేడ్,
25 మార్చి 1992

బిడ్డా దేవానందం, నీలమ్మ దీవెనలు.

నేను మిషన్ బళ్లె నాలుగు దాక చదివిన. బస్సు బోర్డులు సూసి నేర్సుకోలే. తప్పులుంటె నావే.

నీ కడ్డీ ఎన్నడు కచ్చాది కాదు. మొదటిది గూడ మంచిదే. ఇరగ్గొట్టింది నేను.

మీకు ఉత్తరాలు రాసేటాయన "పేరు పెట్టి పిలిస్తెనే దిగుత" అనుకుంట గుట్టెక్కిండు. మగని పేరు నోట్లకెళ్లి ఎట్లొస్తది, చీటీ మీద ఎట్లొస్తది బిడ్డా? కాని పిలువకుంట ఎన్ని దినాలుండాలె? ఇంట్ల ఒక్కదాన్నె రొట్టె తింటె గొంతు దిగుతలేదు. శానా ఆలోచన చేసిన. పెండ్లినాడు గడపల అడ్డం నిలవడి పేరడిగితె, పక్కన కారం నూరే చేతి బండ ఉండె. దాని మీద చెయ్యి పెట్టిన. అందరికి సమజైంది, నవ్విండ్రు. ఆయనొక్కడే రుమాలు సదురుకుంట నిలవడ్డడు. గదే బండను రొట్టెల కింద పెట్టి, మూట గట్టి, మేక మీద పంపిన. గంతకంటె పేరు పెట్టి పిలుసుడు ఇంకేముంటది?

పాపం మేక ఏనుగుబండ దాక మోసేది. ఆడ నడుమిరిగి పడేది. బండ దొర్లుకుంట మల్ల నా పెరట్లకే వచ్చేది. నా పిలుపు సగం దారిల పడిపోతుండె. ఆయనేమొ కడ్డీ మీద మీకు ఉత్తరాలు రాస్తుండె.

మూడోసారి బండ మేక పక్కన్నే ఆగింది. కింద నిలవడి సూస్తున్న. చేతిల పట్టుకుండు, అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. ఇగ సమజైంది, దిగుతడనుకున్న. ఎత్తి గంత దూరం ఇసిరిండు. కంపలల్ల దేవులాడి తెచ్చుకున్న. పెండ్లయినప్పటి సంది గా బండతోని నూరిన కారమే తిన్నడు. మొఖం గుర్తువట్టలే.

మొన్న నువ్వు పంపిన ఉక్కు నడుము ఏసినంక ఆఖరిసారి పెట్టిన. గిప్పుడు కాకుంటె ఇగ పిలువొద్దనుకున్న. మేక ఏనుగుబండ కాడ ముందటి చక్రాలెత్తింది. మూలిగింది. ఎనక్కు జారింది. నా పానమంత దాని మీదనే ఉంది. మల్ల ఒక చక్రం రాయిని పట్టింది, ఇంకోటి పట్టింది, ఒళ్లంత ఒంకర తిరిగింది గాని నడుము ఇరగలే. ఎక్కింది బిడ్డా. నా చేతుల పనెప్పుడు గంత మంచిగ రాలే. నీ చేతులు సల్లగుండ.

ఆయన మూటిప్పిండు. రొట్టెలు తీసిండు. బండను సూసిండు. శానసేపు సూసిండు. రిమోట్ కిందవెట్టి, మేకను ఆడనే ఇడిచిపెట్టి, బండను సంకల వెట్టుకొని దిగొచ్చిండు. గడప అవతల నిలవడి మెల్లగ అడిగిండు.

"నన్ను పిలిచినవా?"

"ఎప్పటి సంది పిలుస్తున్న? పిలువంగ పిలువంగ మేకకు నడుములు ఇరిగిపాయె" అన్న.

లోపలికొచ్చి బండను దాని జాగల పెట్టిండు. రెండు రొట్టెలు తిని, "తేలికగున్నయ్" అన్నడు. గంతే అన్నడు. గా మాట కోసమే ఉన్న.

మీ సేటుకు గీ ఉత్తరం సదివి వినిపియ్యి. రొట్టెలకు ఇరిగే కడ్డీ కాదు, ఇంటి బండను గుట్ట మీదికి మోసిన కడ్డీ అని చెప్పు. మేక ఉంటె ఉగాదికి నువ్వుల రొట్టెలొస్తయ్. కోతొస్తె రావు. ఆయన రెండు ముక్కలే తిన్నడట కద, ఆలోచన చేసుకొమ్మను. కుక్కర్ సంగతి నేను మరిచిననని మా ఇంటాయన అనుకుంటుండు. అనుకోనీ.

ఇట్లు,
కవరుల పెట్టిన గులకరాయి భార్య,
నీలమ్మ

తా.క.: గా గులకరాయిని పారెయ్యకు, అది ఆయన పేరు. పోస్టాఫీసుల కవరు ఒత్తి సూసి, లోపట ఏముందని అడిగిండ్రు. "మా ఇంటాయన పేరు" అన్న. బరువుందని ఇంకో బిళ్ల అంటించిండ్రు.